అమ్మకెంతో నాకంతే

ఏప్రిల్ 22, సోమవారం

డయాలసిస్ సెంటర్ బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. అమ్మ లోపల మిషన్ మీద ఉంది. గంట అయింది, ఇంకో మూడు గంటలు. ఈ నోట్‌బుక్‌కి టెన్త్ సోషల్ గైడ్ అట్ట తొడిగాను. ఎగ్జామ్స్ అయిపోయాక కూడా గైడ్ ఎందుకు మోస్తున్నావని ఎవరూ అడగలేదు. అడిగినా ఏదో ఒకటి చెప్తాను. అబద్ధాలు నాకు బాగానే వస్తాయి.

ఎల్లారెడ్డిలో ఏడున్నర బస్సు ఎక్కితే తొమ్మిదింటికి కామారెడ్డిలో దిగుతాం. సోమవారం, గురువారం. ఫిబ్రవరి నుంచి ఇదే. మార్చి దాకా బాపు తీసుకొచ్చేవాడు. ఇప్పుడు బాపు వరికోత మిషన్ తోలడానికి కర్ణాటకలో సింధనూరు వైపు పోయాడు. కోతలు అయ్యేదాకా రాడు. నానమ్మ మోకాళ్లు బస్సు మెట్లు ఎక్కనివ్వవు. మిగిలింది నేను. నాకు ఎలాగూ సెలవులు.

వెళ్లే ముందు బాపు నాతో "అమ్మ పైలం బిడ్డా" అన్నాడు. ఎలా చూసుకోవాలో చెప్పలేదు.

అది సెంటర్‌లో నర్సు రాజశ్రీ సిస్టర్ చెప్పింది. అమ్మ కిడ్నీలు నీళ్లను బయటికి పంపవు. తాగిందంతా ఒంట్లోనే ఉండిపోతుంది, కాళ్లలో, ఊపిరితిత్తుల్లో, గుండె చుట్టూ. అందుకే రోజంతా కలిపి ముప్పావు లీటరే. చాయ్, మజ్జిగ, చారు అన్నీ అందులోనే. ఒక బాటిల్ మీద ముప్పావు లీటరు దగ్గర నెయిల్ పాలిష్‌తో గీత పెట్టాను. పొద్దున అక్కడిదాకా నింపుతాను. అది అయిపోతే ఆ రోజుకి అయిపోయినట్టే.

బయట నలభై మూడు డిగ్రీలు. అన్ని నీళ్లు నేనైతే బ్రష్ చేసేలోపే తాగేస్తాను.

నాకు భయంగా ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 25, గురువారం

బెంచీ మీద నా పక్కన ఎప్పుడూ దేవ్లి ఆంటీ కూర్చుంటుంది. మాచారెడ్డి దగ్గర తండా ఆమెది. వాళ్లాయన లచ్చిరాంకి అమ్మ పక్క బెడ్. రెండేళ్లుగా వస్తున్నారట. ఆయన లోపలికి వెళ్లగానే ఆంటీ సంచి విప్పుతుంది. మూడు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, ఉల్లిగడ్డ. తొందరేమీ లేకుండా మొత్తం తింటుంది. సీసాడు నీళ్లు తాగుతుంది. తర్వాత టవల్ మొహం మీద వేసుకుని గోడ పక్కన నేల మీద పడుకుని గురక పెడుతుంది. లోపల మొగుడి చేతిలో అంత లావు సూదులు ఉంటే ఈమెకు నిద్రెలా పడుతుందో.

ఈరోజు నాకూ ఒక రొట్టె ఇవ్వబోయింది. ఆకలి లేదన్నాను.

"అబద్దం. నీ కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయ్, నాకు ఇనొస్తున్నది."

అంకుల్ లోపల అలా ఉంటే మీకు తినబుద్ధి ఎలా అవుతుంది అని అడిగేశాను. అడిగాక సిగ్గేసింది. ఆమెకు కోపం రాలేదు. రొట్టె నమలడం ఆపలేదు కూడా.

"నేనీడ ఉపాసముంటె ఆయన నెత్తురు జల్ది సాఫైతదా? మిషన్ దిగినంక ఆయన కాళ్లు వణుకుతయ్. బస్సు దాక పట్టుకపోయేది నేనే. నేను గూడ వణికితె ఇద్దరం పోయి మోరీల పడ్తం."

నవ్వొచ్చింది. రొట్టె మాత్రం తీసుకోలేదు. అమ్మ అక్కడ ఏమీ తినకుండా పడుకుని ఉంటే నేనిక్కడ తినలేను. కొంతమంది తినగలరు. అది వేరే.

ఏప్రిల్ 30

రిజల్ట్స్ వచ్చాయి. 9.3. అమ్మ ఏడ్చింది. బాపుకి ఫోన్ చేస్తే వెనకాల మిషన్ మోత, "ఎంత? ఎంత?" అని మూడుసార్లు అడిగాడు. నానమ్మ వాడకట్టంతా చెప్పొచ్చింది.

క్లాస్ గ్రూప్‌లో అందరూ హైదరాబాద్ కాలేజీల పేర్లు పెడుతున్నారు. గ్రూప్ మ్యూట్ చేశాను. కామారెడ్డిలో కాలేజీలు చూద్దామని అమ్మ అంది. సరేనన్నాను. సోమ, గురువారాలు తనతో ఎవరు వస్తారని ఆమె అడగలేదు. నేనూ అడగలేదు.

మే 2, గురువారం

మిషన్ ఎక్కించే ముందు బరువు చూస్తారు. సోమవారం నుంచి అమ్మ మూడున్నర కిలోలు పెరిగింది. అదంతా నీళ్లే.

రాజశ్రీ సిస్టర్ అమ్మను ఏమీ అనలేదు, నన్ను పక్కకు పిలిచింది. లెక్కగానే ఇస్తున్నావా అని అడిగింది. అవునన్నాను. ఒక్కసారే అంత నీరు లాగితే బీపీ పడిపోతుందని, గుండె తట్టుకోదని చెప్పింది. తర్వాత నా మొహం చూసి నువ్వేమన్నా తిన్నావా అంది. తిన్నానని చెప్పాను.

మూడో గంటలో అమ్మకు కాళ్లు గుంజుకుపోయాయి. అద్దంలోంచి చూశాను. దిండు అంచు కొరుకుతోంది.

నేను లెక్కగానే ఇస్తున్నాను. గీత దాకానే. మరి ఎక్కడినుంచి?

మే 5, ఆదివారం

ఎక్కడినుంచో తెలిసింది.

మధ్యాహ్నం నానమ్మ నిద్రపోతోంది. నేను పక్కింటి నుంచి వచ్చేసరికి అమ్మ జాలాట్లో, బట్టలు ఉతికే బండ వెనకాల ముడుచుకుని కూర్చుని ఉంది. చేతిలో నీళ్ల గ్లాసు. నన్ను చూసి గ్లాసు కొంగు కింద దాచింది. మా స్కూల్లో చిన్నపిల్లలు చాక్‌పీస్ దాచినట్టు.

"గొంతు తడుపుకుంటున్న బిడ్డా. మింగలే."

గ్లాసు గుంజుకున్నాను. నీళ్లు ఆమె చీర మీద ఒలికాయి. చచ్చిపోతావా, చచ్చిపోవాలనుందా అని అరిచాను. నా గొంతు నాకే మా సైన్స్ మేడమ్ గొంతులా వినిపించింది. అమ్మ తడిసిన కొంగు నోట్లో పెట్టుకుని చప్పరించింది. నా ముందే.

నేను మా అమ్మ చేతిలో నీళ్లు గుంజుకున్నాను.

మే 6, సోమవారం

వెళ్లాం. వచ్చాం. అమ్మ నాతో మామూలుగానే మాట్లాడింది. నేనే మాట్లాడలేదు.

మే 7, మంగళవారం

పొద్దున పాల ప్యాకెట్‌కి వెళ్తూ పోచమ్మ గుడి దగ్గర ఆగాను. ఎవరూ లేరు. మొక్కుకున్నాను.

అమ్మకు ఎంతో నాకూ అంతే. అమ్మకు బాగయ్యేదాకా నేను కూడా రోజుకి ముప్పావు లీటరే తాగుతాను. చాయ్, మజ్జిగ అన్నీ అందులోనే. నువ్వు అమ్మను చూసుకో.

మొక్కు నోటి బయట పడితే దానికి బలం ఉండదని నానమ్మ చిన్నప్పటి నుంచి చెప్తుంది. అందుకే ఎవరికీ చెప్పను. రాసుకోవడం చెప్పడం కాదు కదా. కాదు.

ఇంకో బాటిల్‌కి కూడా నెయిల్ పాలిష్ పెట్టాను. స్కూల్ బ్యాగ్‌లో ఉంచాను.

మే 9, గురువారం

కిలో రెండు వందల గ్రాములు. మూడు రోజులకి అమ్మ అంతే పెరిగింది. బీపీ పడలేదు, కాళ్లు గుంజలేదు. ఇదిరా లెక్క అని రాజశ్రీ సిస్టర్ నా భుజం తట్టింది.

బండ వెనకాల దొరికిపోయినందుకు సిగ్గుపడి అమ్మ తగ్గించి ఉండొచ్చు. కాదు. మొక్కు పనిచేస్తోంది.

మే 11

తలనొప్పి. ఎండ కదా. అందరికీ ఉంటుంది.

అమ్మ రోజూ అడుగుతోంది, నీళ్లు తాగినవా అని. తాగిన అంటున్నాను. ఇంతకుముందు ఆమె ముందు తాగడం పాపమనిపించి వంటింట్లోకి పోయి తాగేదాన్ని. ఇప్పుడు వంటింట్లోకి పోయి చెంబు చప్పుడు చేసి వస్తున్నాను.

మే 16, గురువారం

తప్పు చేశాను.

సెంటర్‌కి కావలసిన జిరాక్స్ కోసం బస్టాండు దాకా వెళ్లాను. అక్కడ చలివేంద్రం. మట్టి కుండలు, తడిగుడ్డ చుట్టి ఉన్నాయి. నా చెయ్యి నాకు తెలియకుండానే గ్లాసు పట్టుకుంది. మూడు గ్లాసులు తాగాను. నాలుగోది సగం.

తిరుగు బస్సులో లింగంపేట దాటాక అమ్మకు ఆయాసం వచ్చింది. కిటికీ ఊచలు పట్టుకుని నోరు తెరుచుకుని గాలి పీల్చింది. డయాలసిస్ అయిన రోజే. ఎప్పుడూ అలా రాలేదు.

మూడున్నర గ్లాసులు. ఇంకెప్పుడూ చేయను. పోచమ్మా, ఇంకెప్పుడూ చేయను.

మే 17

ఒంటికి పోతుంటే మంట. నాకేం కాలేదు.

మే 20, సోమవారం

దేవ్లి ఆంటీ నా గదుమ పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. పెదాలు పగిలాయి అంది. లిప్‌స్టిక్ పడలేదని చెప్పాను. నేను లిప్‌స్టిక్ పెట్టుకోనని ఆమెకు తెలుసు.

మజ్జిగ సీసా నా చేతిలో పెట్టింది. ఈరోజుకి నాకు ఇంకా రెండు వందల ఎంఎల్ ఉంది, అది సాయంత్రం కోసం దాచుకున్నాను. వద్దన్నాను. ఆమె పట్టు విడవలేదు.

"మీ అమ్మ సుకన్యను జూసుకునేది నువ్వు. నిన్నెవలు జూస్తున్రు? మొదటి ఏడు నేను గూడ గిట్లనే జేసిన. నిద్రలేదు, తిండిలేదు. నేను తింటె ఆయనకు అన్నాయం జేసినట్టనిపిస్తుండె. ఒకనాడు పొయ్యి కాడ కండ్లు తిరిగి పడ్డ. ఆయన నన్ను లేపవోయి సూదులేసే చెయ్యి చీరుకున్నడు. నెత్తురు జూస్తె నాకు అప్పుడు బుద్దొచ్చింది."

చెయ్యి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉందట, కావాలంటే లోపలికి పోయి చూడమంది. నేను చూడలేదు. మీకు మొక్కు లేదు కదా ఆంటీ, నాకుంది, అని నోటి దాకా వచ్చింది. మింగేశాను. మజ్జిగ ఆమె చూడనప్పుడు చెట్టు మొదట్లో పోశాను.

బరువు కిలోన్నర. మంచిదే.

మే 24, శుక్రవారం

మంచంలో పడుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

నిన్న సెంటర్‌లో అమ్మను బెడ్ ఎక్కించి, సూది వేయడానికి చెయ్యి తుడుస్తున్నారు. నేను తలుపు దగ్గర చెప్పులు విప్పుతూ వంగాను. తర్వాత పైకప్పు కనిపించింది, ఫ్యాను కనిపించింది. నా తల అమ్మ ఒడిలో ఉంది. అమ్మ బెడ్ దిగేసింది.

ఆమెను మళ్లీ ఎక్కించడానికి రాజశ్రీ సిస్టర్ చాలా చెప్పింది. అమ్మాయిని మేం చూస్తాం, నువ్వు పడుకో అంది. దేవ్లి ఆంటీ కూడా చెప్పింది. అమ్మ వినలేదు. నన్ను క్యాజువాలిటీకి తీసుకుపోతుంటే స్ట్రెచర్ ఊచ పట్టుకుని వచ్చింది. అక్కడ నాకు సెలైన్ ఎక్కుతున్నంతసేపూ నా కాళ్ల దగ్గరే కూర్చుంది. నాకు రెండు సీసాలు ఎక్కేసరికి అమ్మ టైమ్ అయిపోయింది. ఆమె బెడ్ మీద తర్వాతి బ్యాచ్ మనిషి ఉన్నాడు. సాయంత్రం ఎలాగోలా సర్దుతానని సిస్టర్ అంది. బస్సు దొరకదు, పిల్లకు బాగాలేదు అని అమ్మ అంది. అయితే శుక్రవారం పదకొండింటికి ఒక బెడ్ ఖాళీ ఉంది, తప్పకుండా రావాలని సిస్టర్ చీటీ రాసిచ్చింది.

ఈరోజే శుక్రవారం. ఇప్పుడు రెండు గంటలు.

పొద్దున లేవబోయాను. గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి కూలబడ్డాను. అమ్మ ఒక్కతే వెళ్లనంది. దేవ్లి ఆంటీకి ఫోన్ చేస్తే కామారెడ్డి బస్టాండుకొచ్చి తీసుకుపోతుందని చెప్పాను. నిన్ను ఇడిచిపెట్టి పోనని అమ్మ మొండికేసింది. సోమవారం ఎట్లాగూ పోతాం కదా అంది. నేను గట్టిగా చెప్పలేదు. చెప్పే ఓపిక లేదు. అది కాదు. నాకు అమ్మ పక్కన ఉండాలనిపించింది. నా పక్కన ఎవరైనా కూర్చుని చాలా రోజులైంది.

మధ్యాహ్నం అమ్మ ఓఆర్ఎస్ కలిపి తెచ్చింది. చెంచాతో నోటి దగ్గర పెట్టింది. నేను పెదాలు బిగించుకున్నాను. నిన్న సెలైన్ నేను తాగలేదు, వాళ్లు ఎక్కించారు. అది లెక్కలోకి రాదు. ఇది వస్తుంది.

అమ్మ చెంచా కింద పెట్టింది.

"ఎన్ని దినాల సంది తాగుతలేవు?"

నేను మాట్లాడలేదు. మాట్లాడితే మొక్కు పోతుంది.

"నువ్వు బడి నుంచొచ్చి బ్యాగు పడేసి చెంబెత్తి గటగట తాగుతుంటివి. నీ గొంతు మీదికీ కిందికీ ఆడుతుంటె చూస్తుంటి. నా బిమారి మొదలైనంక గది చూస్తె నా గొంతు చల్లగైతుండె. నేను తాగినట్టే ఉంటుండె. తర్వాత నువ్వు నా ముందర తాగుడు బంద్ జేసినవ్. వంటింట్లకు పోయి తాగుతివి. నాకు గదొక్కటే ఉండె బిడ్డా, గది గూడ తీసేస్తివి."

నేను పాపమనుకున్నాను అమ్మా. నీ ముందు తాగడం పాపమనుకున్నాను.

ఇది పైకి అనలేదు. లేచి కూర్చుని గ్లాసు అందుకుని మొత్తం తాగాను. అమ్మ నా గొంతు చూస్తూ కూర్చుంది. ఇంకో గ్లాసు కలుపుకొచ్చింది. అది కూడా తాగాను. ఆమె కళ్లు మూసుకుని ఒకసారి మింగింది, ఉత్తదే.

మే 25, శనివారం

మంట తగ్గింది. క్యాజువాలిటీలో ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నాను. నీళ్లు తాగుతున్నాను, అమ్మ ముందే.

అమ్మ పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. బాగానే ఉన్నా అంటోంది. సోమవారం అంటోంది. రాజశ్రీ సిస్టర్‌కి ఫోన్ చేద్దామా అనుకున్నాను. చేస్తాను. ముందు కొంచెం పడుకుంటాను.

మే 26

ఆదివారం.

మే 29, బుధవారం

ఆదివారం పొద్దున పదకొండింటికి అమ్మ పడుకోలేకపోయింది. కూర్చున్నా ఊపిరి ఆడలేదు. నోటి పక్క నురగ. 108 అరగంటకి వచ్చింది. నేను లోపల ఎక్కాను. ఆక్సిజన్ పెట్టారు. అమ్మ మాస్క్ తీసి "నీళ్లు" అంది.

నా చేతిలో ఆమె బాటిల్ ఉంది. గీత దాకా నింపి ఉంది. ఇవ్వొద్దని అంబులెన్స్ అన్న తల అడ్డంగా ఊపాడు. నేను ఇవ్వలేదు. హాస్పిటల్‌కి పోయినంక ఇస్త అమ్మా అన్నాను.

తాడ్వాయి దాటాక అమ్మ నా చెయ్యి వదిలేసింది.

నిన్న మూడో రోజని పిట్టకు పెట్టారు. విస్తట్లో అమ్మకు ఇష్టమైనవన్నీ. పక్కన పెద్ద చెంబు నిండా నీళ్లు, అంచు దాకా. నేను చూసి, అన్ని వద్దు, ఎక్కువైతాయి అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. నానమ్మ నా తల తన కడుపుకి అదుముకుంది.

"ఇంకెవలు కొలుస్తరు బిడ్డా. తాగనీయి."

జూన్ 1

ఇంటికి వచ్చినవాళ్లంతా ఎండ అంటున్నారు. ఈసారి ఎండలు మనుషుల్ని మింగుతున్నాయి, తల్లికి అట్లయింది, బిడ్డ కూడా పడిపోయిందట, అంటున్నారు. బాపు అందరికీ తల ఊపుతున్నాడు. నేను కూడా ఊపుతున్నాను.

నేను నీళ్లు తాగలేదు కాబట్టి పడిపోయాను. పడిపోయాను కాబట్టి అమ్మ బెడ్ దిగింది. దిగింది కాబట్టి గురువారం పోయింది, శుక్రవారం పోయింది.

లేకపోతే, శుక్రవారం నేను నీళ్లు తాగాను. మొక్కు తప్పాను. ఆదివారం పోచమ్మ అమ్మను తీసుకుపోయింది.

తాగనందుకా, తాగినందుకా? రెండిట్లో ఏదైనా నేనే.

జూన్ 2

మొక్కు అమ్మకు బాగయ్యేదాకా అని. బాగవడం ఇంక లేదు. మరి ఎప్పటిదాకా?

ముప్పావు లీటరే తాగుతున్నాను. తెలియనప్పుడు అదే నయం.

జూన్ 4, మంగళవారం

దేవ్లి ఆంటీ వచ్చింది. లచ్చిరాం అంకుల్‌ని తండాలో చెల్లెలి దగ్గర ఉంచి, రెండు బస్సులు మారి ఎల్లారెడ్డి దాకా వచ్చింది. సెంటర్‌లో ఉండిపోయిన అమ్మ ఫైలు తెచ్చింది. నానమ్మతో కలిసి ఏడ్చింది. తర్వాత నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. అక్కడ మొక్కు సంగతి చెప్పేశాను. ఇంక దాని బలం పోతే ఏంటి.

నీ తప్పు కాదని ఆమె అంటుందనుకున్నాను. అనలేదు. అమ్మ గుండె చుట్టూ నీరు ఏప్రిల్‌లోనే చేరిందని, ఎప్పుడేమైనా కావచ్చని సెంటర్‌లో అప్పుడే అమ్మకు చెప్పారట. రాజశ్రీ సిస్టర్ ఇప్పుడు చెప్పిందట. ఇంట్లో చెప్పొద్దని అమ్మ సిస్టర్ చేతులు పట్టుకుందట.

"మా ఆయన రెండుసార్లు మిషన్ ఎగ్గొట్టిండు, బతికిండు. మీ అమ్మ ఒక్కసారికే పోయింది. ఎందుకో నాకు తెల్వది. తెల్సినట్టు నీకు అబద్దం చెప్ప. గని గురువారం నాడు నువ్వు కండ్లు తెరిస్తె మీ అమ్మ నవ్వింది. నేను ఇన్ని నెలల్ల ఆమె నవ్వుడు జూసింది గదొక్కనాడే."

పోయే ముందు సంచిలోంచి రొట్టె తీసి ఇచ్చింది. తిన్నాను. సగం.

జూన్ 8, శనివారం

పదకొండో రోజు కూడా అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయారు. మిషన్ ఓనర్ బాపుకి రోజూ ఫోన్ చేస్తున్నాడు, బాపు ఎత్తడం లేదు.

మధ్యాహ్నం బాపు అరుగు మీద పడుకున్నాడు. నేను పక్కనుంచి పోతూ అతని అరికాళ్లు చూశాను. మొత్తం బొబ్బలు. కొన్ని చితికి తోలు ఊడింది, కొన్నింటిలో తారు అంటుకుని నల్లగా ఉంది. ఇన్ని రోజులూ బాపు చెప్పుల్లేకుండా తిరుగుతుంటే కర్మల కోసమని అనుకున్నాను. అందరూ అనుకున్నారు. కానీ పది రోజుల్లో కాళ్లు అలా అవవు.

లేపాను. చెప్పులేవి బాపు అని అడిగాను. ఉన్నయ్ తియ్ అన్నాడు. ఎప్పటి నుంచి వేసుకుంటలేవని అడిగాను. లేచి కూర్చుని కాళ్లు లుంగీ కిందకి దాచుకున్నాడు.

"సింధనూరు పోయిననాడు పోచమ్మకు మొక్కి బస్టాండుల ఇడిచిన. మీ అమ్మకు బాగైనంకనే ఏస్కుంటనని."

ఏప్రిల్ నుంచి. ఆ ఎండలో, కాలే ఇనుప మిషన్ మీద, కోసిన పొలంలో కొయ్యకాళ్ల మధ్య.

నేను కూడా మొక్కిన బాపు, అన్నాను. అంతా చెప్పాను. గీత, రెండో బాటిల్, చలివేంద్రం, గురువారం ఎందుకు పడ్డానో, శుక్రవారం ఏం తాగానో. నేను ఆపాక బాపు తన చేతులు చూసుకున్నాడు.

"నాకు చెప్పకపోతివి."

"నువ్వు నాకు చెప్పినవా?"

గుమ్మంలో నానమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. కొంగుతో మూతి తుడుచుకుని, "నేను చాయ్ ఇడిచిన" అంది.

నానమ్మ రోజుకి ఆరు చాయ్‌లు తాగే మనిషి. అజీర్తి, చాయ్ పడతలేదు అని మూడు నెలలుగా చెప్తుంటే నమ్మాం. బాపు, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బాపుకి ముందు నవ్వొచ్చింది, తర్వాత నాకు. నానమ్మకు కోపం వచ్చింది, చాయ్ అంటే అంత అల్కగా ఉన్నదా అంది. ఇంకా నవ్వాం. ఆ నవ్వు ఎక్కడో తిరిగిపోయింది. బాపు నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు. బాపు ఏడవడం నేను చూడలేదు ఇంతకుముందు. దహనం రోజు కూడా ఏడవలేదు.

ముగ్గురం ఒకరికి తెలియకుండా ఒకరం, ఆ ఒక్క పోచమ్మనే పట్టుకున్నాం. అమ్మేమో మా ముగ్గురికీ తెలియకుండా తన గుండె సంగతి దాచుకుంది.

కాసేపయ్యాక, మొక్కు ఇప్పుడేమవుతుందని బాపుని అడిగాను. తెలియదన్నాడు. నానమ్మ కూడా తెలియదంది. పెద్దవాళ్లకు కూడా తెలియదని నాకు ఇవాళే తెలిసింది.

"నువ్వు ఏస్కో. నేను తాగుత" అన్నాను.

నానమ్మ లోపలి నుంచి బాపు పాత చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. బాపు కుడికాలు పెట్టాడు. బొబ్బ ఒరుసుకుని అబ్బా అని తీసేశాడు. వాపు పోయేదాకా పట్టవు. మందు తెచ్చి రాశాను. రాస్తుంటే, నువ్వు అన్నవు కదా అన్నట్టు బాపు చెంబు నా వైపు జరిపాడు. నోట్లో పోసుకున్నాను. మింగడానికి చాలాసేపు పట్టింది. ఒక్క గుక్క కంటే పోలేదు.

ఫర్వాలేదు అన్నాడు బాపు. పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాం. నానమ్మ పొయ్యి మీద చాయ్ పెట్టింది, పెట్టి మర్చిపోయింది, మాడిపోయింది.

జూన్ 9

బాపు ఓనర్‌తో మాట్లాడాడు. ఈ నెల రానని చెప్పాడు. నన్ను కామారెడ్డి డాక్టర్ దగ్గరికి తీసుకుపోతానన్నాడు, మంట పూర్తిగా తగ్గిందో లేదో చూపించడానికి. మంట సంగతి కూడా నిన్న చెప్పేశాను.

జూన్ 10, సోమవారం

పొద్దున నాలుగున్నరకే మెలకువ వచ్చింది. సెంటర్‌కి సర్దే ఫైలు, దుప్పటి, బాటిల్, ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. ఏడున్నర బస్సు హారన్ వినిపించింది. పడుకునే విన్నాను. వెళ్లిపోయింది.

అమ్మ మీద కోపం వచ్చింది. నాకు ఎందుకు చెప్పలేదని. తర్వాత ఏడ్చాను. తర్వాత నిద్రపోయాను, పదిదాకా. ఎవరూ లేపలేదు.

మధ్యాహ్నం దాహం వేసింది. కొలవకుండా తాగాను.